పదకొండు సెకన్ల బటన్

టిక్కు పెట్టెయ్యకండమ్మా, ఒక్క నిమిషం. అసలు ఈ ఫారం ఎవరు తయారుచేశారండీ? ‘యంత్ర దోషం’ అని ఒక గడి, ‘సిబ్బంది నిర్లక్ష్యం’ అని ఇంకో గడి. అయిపోయింది. లోకంలో జరిగే తప్పులన్నీ ఈ రెండు గళ్లలో సర్దుకుంటాయా? మూడో వీధిలో పద్నాలుగు ఇళ్లు నీళ్లలో తేలాయి, దానికి మీరు తెచ్చింది రెండు గళ్లు.

కోప్పడటం లేదు. మా అమ్మాయి వయసు మీది, మీమీద కోపం దేనికి? పెద్దాఫీసు నుంచి కంప్యూటర్లు చూడమని పంపారు, మీరు వచ్చారు. కాకపోతే కొంచెం నెమ్మదిగా మాట్లాడుకుందాం. ఆ అద్దం అవతల కూర్చున్నాయనకి చెవులు చురుకు.

ఆయనే మా ఆఫీసరు. మీ రెండో గడి నోరు తెరుచుకుని కూర్చున్నది ఆయన కోసమే. దాంట్లో టిక్కు పడితే ఆయనకి సంతకం చేసే అధికారం పోతుందట కదా. కాగితం నా చేతిమీదుగానే వచ్చింది, చదివాను. మీకు ఆ మనిషి తెలియదు. మనవడి ప్రోగ్రెస్ కార్డు మీద కూడా పూర్తి సంతకం, సంతకం కింద తేదీ, తేదీ కింద గీత. అలాంటాయనకి సంతకం తీసేస్తే మీసం తీసేసి వీధిలోకి పంపినట్టే.

ఇంకో సంగతి. ఆయన నాకు బావగారు. మా ఆవిడకి స్వయానా అన్నయ్య. ఇది ఫారంలో రాయాలా? అక్కర్లేదా? పోనీండి. ఆఫీసులో నేను ఆయన్ని సార్ అంటాను, ఆయన నన్ను హెడ్‌క్లర్కుగారూ అంటారు. గేటు దాటితే బావగారూ అంటే బావగారూ. సరిగ్గా గేటు దగ్గర ఏదైనా మాట్లాడాల్సి వస్తే మాత్రం ఇద్దరికీ నోరు పెగలదు.

అంచేత, ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పనివ్వండి. విన్నాక మీ ఇష్టం.

మాది నీళ్ల ఆఫీసు అంటారు గానీ, ఈ గదిలో మేం ఇచ్చేది నీళ్లు కాదు, కాగితాలు. ఫలానా వీధిలో ఫలానా తేదీన ఇన్నింటి నుంచి ఇన్నింటి దాకా నీళ్లు రావు, ముందుగా పట్టుకోండి. అంతే మా పని. నాలుగు ముక్కలు. ఆ నాలుగు ముక్కలూ ఆరేళ్ల కిందటి దాకా బావగారి బల్ల ఎక్కితే దిగేవి కావు.

ఎర్ర పెన్ను అమ్మా. ‘నిలిపివేయబడును’ అని రాస్తే ‘నిలిపివేయడమైనది’ అని దిద్దుతారు. అలాగే కొట్టి తీసుకెళ్తే, ఇంకా ఆగని నీళ్లని ఆగిపోయాయంటారేమిటని మళ్లీ మొదటి మాటే వేస్తారు. ఈలోపు నీళ్లు ఆగి, తిరిగొచ్చి, జనం మరిచిపోయాక మా నోటీసు చేరేది. ఒక పెద్దమనిషి నోటీసు పట్టుకొచ్చి, ఇది జరగబోయేదా, జరిగిపోయిందా, దీనికి నేను బిందెలు నింపాలా, ఒలకబోసుకోవాలా అని అడిగాడు.

పోనీ అంత దిద్దిన కాగితంలో తప్పులుండవా అంటే, ఉండేవి. మాటలు దిద్దీ దిద్దీ తేదీ చూడటం మరిచిపోయేవారు. నేను చెబితే? హెడ్‌క్లర్కు చెబితే వినొచ్చు. చెల్లెలి మొగుడు చెబితే ఎవరు వింటారమ్మా?

సరిగ్గా ఆ రోజుల్లో నాకు ఈ మాక్రోల పిచ్చి, అంటే ఒక్క నొక్కుతో కాగితమంతా కంప్యూటరే కొట్టిపెట్టేలా దానికి ముందే పని రాసిపెట్టే పిచ్చి, పట్టుకుంది. మీకు తెలిసిన విద్యే, అయినా నేను ఎలా నేర్చుకున్నానో చెబితే గానీ తర్వాతి కథ అర్థం కాదు. మా ఆవిడకి చెప్పినట్టే చెబుతాను.

వీధి గుమ్మం పక్కన కాలింగ్ బెల్ బటన్ ఉంటుందా? మోగేది అది కాదు. మోగేది లోపల ఎక్కడో గోడ మీద ఉంటుంది. రెంటికీ మధ్య తీగ. తీగ లేకపోతే వచ్చిన చుట్టం చీకటిపడే దాకా నొక్కుతూ నిలబడాల్సిందే. తెర పైఅంచున టూల్‌బార్ మీద మనం పెట్టుకునే బటనూ అంతే. మొహం ఒకచోట, పని ఒకచోట. బటన్ పెట్టగానే సరిపోదు, దాన్ని మాక్రోకి తగిలించాలి. మౌసుతో కుడివైపు నొక్కితే మాక్రోల పేర్లు వరసగా దిగుతాయి, ఫలానాది అని చూపిస్తే తీగ పడినట్టు. మా ఆవిడ అంతా శ్రద్ధగా విని, అయితే మన బెల్లు ఆర్నెల్ల నుంచి మోగడం లేదు, దానికి తీగ ఎప్పుడు వేస్తారు అంది. అది వేరే కథ లెండి.

బొమ్మలు కూడా నేనే గీశాను. బటన్ బొమ్మకి అడ్డం పదహారు గళ్లు, నిలువు పదహారు గళ్లు, అంతే ఇస్తాడు కంప్యూటర్‌వాడు. నీళ్లు ఆగే నోటీసు బటన్ మీద కుళాయి గీద్దామని నాలుగు రోజులు కూర్చున్నాను. అది బాతు అయింది. ముక్కు తగ్గిస్తే కోడి అయ్యేలా ఉందని వదిలేశాను. ఇహ ఆఫీసంతా అదే మాట. బాతు నొక్కారా? ఆ వీధికి బాతు వెళ్లిందా? పైపులు కడిగే రోజు పంపే నోటీసుకి మాత్రం చీపురు గీశాను, అది చీపురులాగే వచ్చింది.

అలా తొమ్మిది బటన్లు అయ్యాయి. టైపిస్టుకి రెండు, తపాలా ఆమెకి రెండు, మిగతావి నాకు. అందరూ మురిసిపోతున్నారు. ఒకరోజు వరండాలో బావగారు నన్ను ఆపి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నారు: “అందరికీ బటన్లు పెట్టారు హెడ్‌క్లర్కుగారూ. నాకేదండీ?”

చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగారమ్మా. లేదని ఎలా అంటాను?

కానీ ఏం పెట్టాలి? ఆయన చేసే పని చదవడం, సంతకం పెట్టడం. ఈ రెండూ చేసే మాక్రో నాకు రాదు. అయినా పెట్టాను. ‘తుది పరిశీలన’ అని పేరు. కన్ను గీశాను, చాలా బాగా కుదిరింది. దాని వెనకే...

ఆ. ఇందాక పాత ఫైలు తెరిచి ఆ ఏడు లైన్లు చూసి, మీరు నా మొహంలోకి చూశారే, అదే. మీరు చదివింది నిజమే. అందులో పరిశీలన ఏమీ లేదు. నొక్కగానే కింద ‘పరిశీలన జరుగుతున్నది, దయచేసి వేచి ఉండండి’ అని వస్తుంది. పదకొండు సెకన్లు కదలదు. తర్వాత ‘సరి’ అని ఒక చిన్న పెట్టె వస్తుంది. తెల్ల కాగితం పెట్టి నొక్కినా సరి అనే అంటుంది. మా ఆవిడ సరుకుల చీటీ పెట్టినా సరి అనే అంటుంది.

పదకొండే ఎందుకంటారా? మొదట మూడు పెట్టాను. మూడు సెకన్లలో ఇది ఏం చూసిందండీ, మావాడి పరీక్ష పేపరు దిద్దిన మాస్టారు కూడా ఇంతకన్నా ఎక్కువసేపు చూశాడే అన్నారు. ఇరవై పెట్టాను. టీకి వెళ్లిపోయారు. పదకొండు దగ్గర కుదురుకున్నారు.

నా ఉద్దేశం ఒక్కటే. ఎర్ర పెన్ను మూతపడాలి, నోటీసు వేళకి వెళ్లాలి. మూతపడింది, వెళ్లింది. ఇది మోసం కాదా అంటే, మోసమే. కానీ ఆ తర్వాత జరిగింది నేను అనుకున్నది కాదు.

నెల తిరక్కుండానే ఒకరోజు ఆయన బటన్ నొక్కారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, మనసులో లెక్కపెట్టుకుంటున్నాను. ఏడో, ఎనిమిదో సెకను. ఉన్నట్టుండి తలెత్తి, పదిహేనో తేదీ శనివారం ఎలా అవుతుందండీ అన్నారు. చూస్తే నిజమే, శుక్రవారం. ఆయనేమో, మీ బటన్ పట్టేసిందండీ అని సంబరపడిపోతున్నారు. ఈలోపు తెరమీద ‘సరి’ అని వచ్చింది. అయిపోయింది, దొరికిపోయాను అనుకున్నాను. ఆయన ఏమన్నారో తెలుసా? ఇప్పుడు సరి అంటుందిలెండి, నేను పట్టుకున్నానని దానికి తెలిసిపోయింది కదా అన్నారు.

ఇంటికెళ్లి ఆలోచించాను. ఆ పదకొండు సెకన్లూ కంప్యూటర్ బిగుసుకుపోతుంది. దిద్దడానికి లేదు, కొట్టడానికి లేదు. ఎర్ర పెన్ను గాజు తెర మీద పనిచెయ్యదు. లేచి వెళ్లిపోదామంటే అంతలోకే అయిపోతుందేమోనని ఆశ. ఎదురుగా ఒక్కటే పేజీ. మనిషి ఏం చేస్తాడమ్మా? చదువుతాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో బావగారు మా నోటీసుని మొదటిసారి చదవడం అప్పుడే. అంతకుముందు దిద్దారు.

తర్వాత ఆరేళ్లు ఒక్క తప్పు నోటీసు కూడా ఈ గది దాటలేదు. మీ పెద్దాఫీసువాళ్లే మెచ్చుకుంటూ కాగితం పంపారు, అదిగో, ఆ బీరువా మీద ఫ్రేములో ఉంది. పక్క ఊరి ఆఫీసువాళ్లు ఆ బటన్ మాకూ ఇవ్వమని ఉత్తరం రాశారు. నేను ఫైలు పెద్దది, తపాలాలో పట్టదు అని జవాబు రాశాను. నవ్వండి. ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

ఇంతటితో ఆగితే బాగుండేది. నేనే చెడగొట్టాను.

ఈమధ్య మా అమ్మాయి పుట్టినరోజుకి అందరం భోజనాలకి కూర్చున్నాం. బావగారు తింటున్నవారల్లా చెయ్యి ఆపి, పన్నెండుమంది చుట్టాల ముందు, ఆ బటన్ వచ్చాక నాకు నిద్ర పడుతోందర్రా అన్నారు. ఇదివరకు దేనిమీద సంతకం పెట్టానో, ఏం కొంప మునుగుతుందోనని పొర్లేవారట. ఇప్పుడు ఆ బటనూ చూసింది, తనూ చూశారు, రెండు జతల కళ్లు అనే ధైర్యమట. నన్ను చూపించి, మా బావగారు అసాధ్యులు అన్నారు. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి మా ఆవిడ నేను అడక్కుండా రెండోసారి వడ్డించింది.

అది అలాగే వదిలేసి లేచానమ్మా.

సరే, దీన్ని నిజం చేసేద్దామనుకున్నాను. చెప్పిన అబద్ధాన్ని నిజం చేసేస్తే ఇహ అది అబద్ధం కాదు కదా అని నా లెక్క. పుస్తకం ముందేసుకుని మూడు వారాలు కూర్చున్నాను. నలభై లైన్లు. తేదీకీ వారానికీ పొత్తు కుదిరిందా, వీధి పేరు మన జాబితాలో ఉందా, మొదలయ్యే వేళ ముగిసే వేళకన్నా ముందుందా, అన్నీ చూస్తుంది. మీరూ చూశారు కదా, కోడ్‌లో తప్పేమైనా ఉందా? లేదు కదూ. నేను రాసినవాటిలో అంత చక్కనిది ఇంకోటి లేదు. అరసెకనులో తేల్చేస్తుంది.

ఆ ఉత్సాహంలో మాక్రోలన్నీ శుభ్రంగా కొత్త ఫైల్లోకి మార్చాను. తీరా చూస్తే బటన్లకి మాక్రో పేరు ఒక్కటే కాదు, ఆ పేరు ఏ ఫైల్లో ఉందో అది కూడా గుర్తుంటుందట. ఇల్లు మారినా పోస్టుమాన్ పాత ఇంటికే వెళ్లినట్టు, ఏ బటన్ నొక్కినా పాత ఫైలే తెరుచుకుంటోంది. ఇహ తప్పదని పది బటన్లనీ ఊడదీసి ఒక్కొక్కటే కొత్త ఫైలుకి తగిలించడం మొదలుపెట్టాను.

బాతు దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగింది. మా ఆవిడ. అన్నయ్య క్యారియర్‌లో సగం తిని సగం వెనక్కి పంపుతున్నాడని వదిన బాధపడుతోంది, మీరు పక్కనే ఉండి ఏం చూస్తున్నారు అని. ఆఫీసర్ని పట్టుకుని అన్నం తిన్నారా అని నేను అడగొచ్చా అన్నాను. అడగాలంది. అడుగుతానన్నాను. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో మౌసు. తెరమీద పేర్లు దిగి ఉన్నాయి. ‘ఉత్తరం నాలుగు’ నీళ్లు ఆగే నోటీసు. దాని కిందే ‘ఉత్తరం అయిదు’, పైపులు కడిగే నోటీసు.

పేర్లు అర్థమయ్యేలా పెట్టుకోవాలి కదా అంటారు. పెట్టుకోవాలి. మొదట్లో ఉన్నవి రెండే ఉత్తరాలు, ఒకటి, రెండు అంటే సరిపోయేది.

బాతుకి అయిదు తగిలించాను.

తర్వాత అన్నీ నొక్కి చూశాను కూడా. ప్రతిదానికీ కాగితం వచ్చింది. కాగితం వచ్చిందా లేదా అనే చూశాను, కాగితంలో ఏముందో చూడలేదు.

ఆ వారమే మూడో వీధికి నీళ్లు ఆపాల్సి వచ్చింది. టైపిస్టు బాతు నొక్కింది. పేజీ బావగారి ముందుకి వెళ్లింది. ఆయన కన్ను బటన్ నొక్కారు. నొక్కిన వేలు తీసేలోపు ‘సరి’ అంది. ఆయన ఆశ్చర్యపోయి, మీ బటన్‌కి వయసు తగ్గినట్టుందండీ అన్నారు. సంతకం పెట్టారు. తేదీ వేశారు. గీత గీశారు.

అంతా సరే మరి. తేదీ సరైనదే, వారం సరైనదే, వీధి సరైనదే. కాకపోతే ఆ కాగితంలో ఉన్నది, తొమ్మిది నుంచి నాలుగు దాకా మీ ఇంట్లో కుళాయిలన్నీ పూర్తిగా తిప్పి ఉంచండి, పైపుల్లో మురికి పోతుంది అని. అది నా నలభై లైన్లకి ఎలా తెలుస్తుంది? అక్కడ కూర్చుని పదకొండు సెకన్లు చదివిన మనిషికైతే తెలిసేది.

మూడో వీధి వాళ్లు చెప్పినమాట వినే మనుషులమ్మా, అదీ మా ఖర్మ. తొమ్మిదింటికల్లా ఇంటింటా కుళాయిలు తిప్పేశారు. చుక్క రాలేదు. కడుగుతున్నారు కాబోలనుకుని తలుపులు వేసుకుని పనులకి పోయారు. మావాళ్లు ఎప్పుడూ లేనిది ఆ రోజు రెండింటికే పని ముగించి నీళ్లు వదిలారు. సింకు ఖాళీగా ఉన్న ఇళ్లు బతికిపోయాయి. సింకు తూముకి అడ్డంగా అంట్లు పడేసి వెళ్లినవాళ్లవి పద్నాలుగు ఇళ్లు. వాటిలో ఒకటి పుస్తకాలు బైండు చేసే ఆయనది. మా ఆఫీసు ఫిర్యాదుల పుస్తకాలు, ఆరేళ్లవి, బైండుకని ఆయన దగ్గరే ఉన్నాయి. ఉబ్బిపోయి రొట్టెల్లా అయ్యాయి. ఆ వీధి నుంచి ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాళ్లకి రాయడానికి పుస్తకం లేదు.

బావగారు ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, చేత చీపురు పట్టుకుని ఇంటింటికీ వెళ్లారు. నోటీసు కింద సంతకం నాదేనండీ అని ఆయనే చెప్పుకున్నారు. జనం తిట్టడానికి వచ్చి, ఆయన నీళ్లు తోడటం చూసి వాళ్లూ చీపుర్లు తెచ్చుకున్నారు.

ఇప్పుడు సంజాయిషీ రాశారు చూడండి, మీ ఫైల్లో ఉంది, నాలుగు లైన్లు. బటన్ తప్పు చెప్పదు, ఆరేళ్లుగా ఎన్నడూ చెప్పలేదు, ఆ రోజు నేనే తొందరలో పక్క బటన్ ఏదో నొక్కి ఉంటాను అని. తనని తాను నమ్మడం మానేశారు గానీ, ఆ బటన్‌ని నమ్మడం మానలేదు. తొమ్మిది రోజుల నుంచి ఏ కాగితం మీదా సంతకం పెట్టకుండా అలా కూర్చునే ఉన్నారు. క్యారియర్ ఇప్పుడు మొత్తం వెనక్కి వెళ్తోంది.

అందుకే రెండో గడి వద్దంటున్నాను. మరి మొదటిది పెట్టండి అనొచ్చు కదా? నిజం చెప్పాలంటే అదే అడుగుదామనుకున్నాను. మీరు వస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచి, యంత్రం మీదికి ఎలా తోసెయ్యాలా అనే ఆలోచించాను. యంత్రానికి పరువు లేదు, పెళ్లాం లేదు, బావగారు లేరు. తొమ్మిది రోజులు నోరు మూసుకున్నది అందుకే. ఆయన చీపురు పట్టుకుని ఊరంతా తిరుగుతుంటే, నేను వెనకే బకెట్టు పట్టుకుని తిరిగాను గానీ తప్పు నాదని అనలేదు.

తీరా ఫారం వెనక్కి తిప్పి చూస్తే, యంత్ర దోషమైతే పాత కోడూ కొత్త కోడూ అచ్చుతీసి జతచేయాలి, ప్రతి పేజీ మీదా ఆఫీసరు సంతకం ఉండాలి అని ఉంది. ఈ దెబ్బ తిన్నాక ఆయన చదవకుండా సంతకం పెట్టరు. చదవడం నేర్పిందే నేను. ఆ ఏడు లైన్లూ చదువుతారు. అర్థం కాదంటారా? ‘పదకొండు సెకన్లు ఆగు, సరి అను.’ అర్థం కాకపోవడానికి అందులో ఏముందమ్మా?

సంతకం పోతే ఆయన ఏదో ఒకనాటికి తేరుకుంటారు. ఆరేళ్లు ఖాళీ బటన్ నొక్కానని తెలిస్తే తేరుకోరు. ఆ ఆరేళ్లూ తప్పులు పట్టుకున్నది తనేనని మాత్రం ఎవరు చెప్పినా నమ్మరు. ఆరేళ్లూ తనని చూసి నవ్వారనే అనుకుంటారు. నేను నవ్వానని.

కాబట్టి గళ్లు వదిలెయ్యండి. పక్కన ఈ అంచు ఖాళీగా ఉంది కదా, ఇక్కడ రాయండి. ‘నీళ్లు ఆగే నోటీసు బటన్‌కి తప్పు మాక్రో తగిలించినది హెడ్‌క్లర్కు.’ రాశారా? ‘తగిలించాక సరిగ్గా చూసుకోనిదీ ఆయనే.’ అక్షరం అబద్ధం లేదు. కింద నేను సంతకం పెడతాను. పాత ఫైలు సంగతి మాత్రం మీరు చూడలేదు, నేను చెప్పలేదు.

ఏమవుతుంది? జీతంలో ఏదో కోస్తారు, సర్వీసు పుస్తకంలో ఎర్ర గీత పడుతుంది, పడనివ్వండి. ఇంట్లో అయితే ఈ తప్పు నాదేనని మా ఆవిడ ఆ సాయంత్రమే తేల్చేసింది, ఏ విచారణా లేకుండా, ఒక్క గడి కూడా లేకుండా. ఆఫీసులోనూ అదే తేలితే నాకూ సుఖమే. రెండుచోట్లా రెండు కథలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు.